మంచక్క

ఆ ల్యాబులో మంచు తయారుచేసేది ఆమె ఒక్కతే కాబట్టి అందరూ మంచక్క అనేవారు. మంచు అక్క, మంచక్క. కొత్తగా చేరినవాళ్లు ‘మంచి అక్క’ అనుకుని అలాగే పిలిచేవారు. ఆమె ఎవరినీ సరిదిద్దలేదు. ఎలా పిలిస్తేనేం, పిలిచేది పని చెప్పడానికేగా.

ఆమె చేసే మంచు చేత్తో పట్టుకునేది కాదు, కంటికి ఆనేది కూడా కాదు. గది మధ్యలో నడుమెత్తు స్టీలు డబ్బా ఒకటి ఉండేది. చుట్టూ పంపులు, గొట్టాలు, వాల్వులు. పంపులు రెండు రోజులు ఆగకుండా తోడితే గానీ లోపలి గాలి పోయేది కాదు. డబ్బా నడిమధ్యన చొక్కా గుండీ అంత స్ఫటికపు బిళ్ల. దాన్ని మైనస్ రెండువందల అరవై మూడు డిగ్రీల దాకా చల్లబరిచి, సన్నని గొట్టంలోంచి నీటి ఆవిరి, అమ్మోనియా, మిథనాల్ ఇంత ఇంతగా వదిలేది. అవి బిళ్లను తాకీ తాకగానే గడ్డకట్టి, వెంట్రుక మందంలో వందో వంతు పొరగా పేరుకునేవి. ఆ పొరగుండా పరారుణ కాంతి పంపితే ప్రతి పదార్థమూ తన వంతు కాంతిని తనకు నచ్చిన చోట మింగేస్తుంది. మింగిన చోట కంప్యూటర్ మీద గీత కిందికి దిగుతుంది. ల్యాబులో అందరూ దాన్ని డిప్ అనేవారు. మంచక్కా, ఆమె చెల్లెలూ మాత్రం గుంట అనేవారు. ఏ గుంట ఎక్కడ పడిందో చూస్తే మంచులో ఏముందో చెప్పెయ్యొచ్చు.

ఇదంతా ఎందుకంటే, ఎక్కడో దూరాన అప్పుడే పుడుతున్న నక్షత్రాల చుట్టూ ఇలాంటి మంచే ఉంటుంది. పొగ కన్నా సన్నని ధూళి రేణువులు, వాటి మీద మంచు పొర. నక్షత్రం వెలుగు ఆ ధూళిని దాటుకుని వచ్చేటప్పటికి దానిలోనూ గుంటలు పడతాయి. అంతరిక్షంలోని టెలిస్కోపు ఆ గీతను పట్టి పంపిస్తుంది. ఆ గీతలో గుంటలూ, ల్యాబులో చేసిన మంచు గుంటలూ ఒకటయ్యాయంటే అక్కడేముందో ఇక్కడ కూర్చుని తేల్చినట్టే.

టెలిస్కోపు గీతలు చదివేది చెల్లెలు. ఆమెను ఇంట్లో చిట్టి అనేవారు. ఆరేళ్లు చిన్నది. ల్యాబులో ఆమె సైంటిస్టు, అక్క ఆపరేటర్. అక్కా చెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో, రెండు గదుల ఫ్లాటులో ఉండేవారు. పొద్దున ఒకే బస్సెక్కి వచ్చి, సాయంత్రం ఒకే బస్సులో పోయేవారు.

నిజానికి అదే ల్యాబులో ముందుగా థీసిస్ మొదలుపెట్టింది మంచక్క. రెండో ఏడాదిలో అమ్మకు పక్షవాతం వచ్చింది. అమ్మకు కుడివైపంతా పోయింది, నోరు సగం పడిపోయింది. ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలి. చిట్టికి అప్పుడు చివరి పరీక్షలు. ఎవరుండాలో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మంచక్క ఉండిపోయింది. రెండేళ్లు అమ్మకు పక్క మార్చింది, గుడ్డలు మార్చింది, గొంతులోకి గంజి పోసింది. చూడ్డానికి వచ్చినవాళ్లతో అమ్మ వంకర నోటితో మురిసిపోతూ ఒకటే మాట అనేది: “పెద్దది నా చెయ్యి. చిన్నది నా బుర్ర.”

అమ్మ మెచ్చుకోలుగానే అంది. ఆ సంగతి మంచక్కకు తెలుసు. అయినా ఆ మాట ఎముకలో దిగిన ములుకులా ఉండిపోయింది. అమ్మ పోయాక ల్యాబుకు తిరిగి వెళితే థీసిస్ గడువు దాటిపోయింది, గైడు వేరే చోటికి వెళ్లిపోయాడు. డైరెక్టరు, అందరూ పెద్దాయన అనే మనిషి, జాలిపడి ఆపరేటర్ ఉద్యోగం వేయించాడు.

ఒక పసి నక్షత్రం గీతలో ఏడు పాయింట్ తొమ్మిది మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర చిన్న గుంట ఉంది. ఎవరికీ తెలిసిన ఏ మంచుతోనూ అది కలవదు. దాన్ని మొదట చూసింది చిట్టి. చూసిన రోజు బస్సులో అక్క చెయ్యి పట్టుకుని ఊపేసింది.

“అక్కా, అది కొత్త అణువు. రాసిచ్చేస్తాను కావాలంటే. అమ్మోనియా, మిథనాల్ కలిపి అతినీలలోహిత దీపం కింద పెట్టి మెల్లగా వేడి చేస్తే వస్తుంది. నువ్వు చేస్తావ్, నేను చూస్తాను.”

మంచక్క చేసింది. రెండేళ్లలో రెండువందల పన్నెండు సార్లు మంచు కట్టింది. పాళ్లు మార్చింది, వేడి మార్చింది, దీపం గంటలు మార్చింది. చేతులు చలికి పగిలి, వేళ్ల కణుపుల దగ్గర నెత్తురు చిమ్మేది. రెండువందల పదమూడోసారి, ఏడు పాయింట్ తొమ్మిది దగ్గర గీత కిందికి దిగింది. చిట్టి కుర్చీలోంచి లేచి అక్కను కావలించుకుని చిన్నపిల్లలా గెంతింది. మరో ఆరుసార్లు చేశారు. ఆరుసార్లూ వచ్చింది. పెద్దాయన మిఠాయిలు పంచాడు.

నెల తిరక్కుండానే చిట్టి పేపరు రాసింది. ముసాయిదా ప్రింటు తీసి వంటింటి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లింది. మంచక్క చేతులు తుడుచుకుని పేజీ తిప్పింది. రచయితలు నలుగురు. చిట్టి, పెద్దాయన, టెలిస్కోపు వాళ్లు ఇద్దరు. మళ్లీ ఒకసారి చూసింది. నలుగురే. చివరి పేజీలో, కృతజ్ఞతల కింద, మూడో వాక్యం: ‘మంచు నమూనాల తయారీలో సాంకేతిక సహాయం చేసిన ల్యాబ్ ఆపరేటర్‌కు ధన్యవాదాలు.’ అందులోనూ పేరు లేదు.

చిట్టి తల తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“ఎవరే ఈ ఆపరేటర్?” అంది మంచక్క.

చిట్టి ముఖం పాలిపోయింది. “అక్కా, అది నేను పెట్టింది కాదు. పెద్దాయన రూలు. డాక్టరేట్ లేనివాళ్లని రచయితల్లో వేస్తే రేపు అందరూ అడుగుతారట.”

“నువ్వేమన్నావ్?”

“ఏమంటాను? అడిగి చూశాను. నువ్వేమో థీసిస్ మధ్యలో వదిలేశావాయె…”

“వదిలేశానా?”

“అబ్బా, నా ఉద్దేశం అది కాదు.”

“మరేంటి నీ ఉద్దేశం?”

చిట్టికి కూడా ఒళ్లు మండింది. నెల రోజులుగా ఆమెకూ నిద్ర లేదు. “చూడక్కా, నీ చెయ్యి లేకపోతే ఈ పని లేదు. నాకు తెలుసు. కానీ చెయ్యి వేరు, బుర్ర వేరు అంటారు వాళ్లు. నేనేం చెయ్యను?”

ఆ మాట ఎవరిదో చిట్టికి గుర్తులేదు. నోటికొచ్చింది, అనేసింది. మంచక్క కాగితాలు సర్ది, బల్ల తుడిచి, ఇద్దరికీ వడ్డించింది. ఇద్దరూ తలవంచుకుని తిన్నారు.

నాలుగు రోజుల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం, మంచక్క ల్యాబుకు వెళ్లింది. ఇంట్లో చెల్లెలి ముఖం చూస్తూ కూర్చోలేక వెళ్లిందంతే. డబ్బా ఎలాగూ చల్లగానే ఉంది కాబట్టి బ్లాంక్ పెట్టింది. బ్లాంక్ అంటే ఏ వాయువూ వదలకుండా, ఉత్త బిళ్లను చల్లబరిచి గీత తీయడం. డబ్బా శుభ్రంగా ఉంటే గీత తిన్నగా ఉండాలి. వారానికోసారి తప్పనిసరిగా చేసేది. గుంట దొరికిన హడావిడిలో ఐదు వారాలుగా చేయలేదు.

గీత తిన్నగా రాలేదు. ఏడు పాయింట్ తొమ్మిది దగ్గర గుంట. పక్కన మరో రెండు.

ఆమె మళ్లీ తీసింది. మళ్లీ అవే మూడు. ఆ మూడూ కలిసి ఎక్కడుంటాయో ఆ పని చేసే ఎవరికైనా తెలుసు. సిలికాన్ గ్రీజు. అసలు నమూనాల్లో మిగతా రెండు గుంటలు అమ్మోనియా గుంట కింద ఒకటి, నీటి గుంట కింద ఒకటి దాక్కున్నాయి. బయటికి కనబడిందల్లా ఈ ఒక్కటి.

గ్రీజు ఎక్కడిదో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఆరువారాల క్రితం పెద్ద వాల్వు రబ్బరు రింగు పగిలింది. పంపులు చూసే మెకానిక్, అందరూ బాబాయి అనే మనిషి, మోకాలి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. రింగు ఆమే మార్చింది. బిగుతుగా ఉందని బీరువాలో దొరికిన ట్యూబులోంచి, పేరు కూడా చూడకుండా, ఒక్క చుక్క వేలితో రాసింది. ఆ చుక్కే ఆవిరై వచ్చి బిళ్ల మీద కూర్చుంది. రెండేళ్లుగా రానిది, రింగు మార్చిన వారానికే వచ్చింది.

అంటే ల్యాబులో దొరికింది కొత్త అణువు కాదు. తన వేలి చివరి గ్రీజు.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. చిట్టి పేరు దాకా వెళ్లింది. పేపరు బుధవారం పంపిస్తారు. ఒక్క మాట చెబితే చాలు, ఆగిపోతుంది. చిట్టి ఏడుస్తుంది, తిడుతుంది, రెండు రోజులు ముఖం మాడ్చుకుంటుంది, అంతే. ముసాయిదాలో ఏడో పేజీ గుర్తొచ్చింది: ‘ప్రతి వారం బ్లాంక్ పరీక్షలు చేశాం. ఎలాంటి కల్మషమూ కనబడలేదు.’ ఆ వాక్యం చిట్టి తనను అడక్కుండానే రాసింది. అక్క చేస్తుంది, అక్క చేసే ఉంటుంది. పొద్దున లేస్తే కాఫీ ఉన్నట్టు, ఉతికిన బట్టలు ఉన్నట్టు, బ్లాంకూ ఉంటుంది.

‘చెయ్యి కదా,’ అనుకుంది మంచక్క. ‘చేతికి ఏం తెలుస్తుంది?’

ఫోన్ సంచిలో పడేసింది. రోజువారీ పని రాసే లాగ్‌బుక్ తెరిచి తేదీ వేసి, చక్కటి అక్షరాలతో రాసింది: ‘బ్లాంక్. 7.9 దగ్గర డిప్ ఉంది. మరో రెండు. గ్రీజు కావచ్చు.’ మూసేసి, ఎప్పుడూ ఉండే చోట, చిట్టి బల్ల పక్క అరలో పెట్టింది. ఆ అరలో పుస్తకాన్ని చిట్టి ఏనాడూ తెరవదని ఆమెకు తెలుసు.

బుధవారం పేపరు వెళ్లింది.

సెలవు ముగించుకుని వచ్చిన బాబాయి మొదటిరోజే వాల్వు విప్పాడు. రింగును వెలుతురులో తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“దీనికి గ్రీజు ఎవరు రాశారమ్మా?”

“నేనే బాబాయ్.”

“నువ్వా! సిలికాన్ గ్రీజు ఇక్కడ రాయకూడదని నాకు నేర్పిందే నువ్వు కదమ్మా. చిన్నమ్మాయికి చెప్పావా మరి? ఆ లెక్కలన్నీ…”

“చెప్తాలే బాబాయ్. నేను చూసుకుంటాను.”

బాబాయి ఆమె ముఖంలోకి చూశాడు. రింగు తుడిచి పక్కన పెట్టాడు.

ఆ తర్వాత మంచక్క చెప్పకపోవడం రోజురోజుకూ తేలికైపోయింది. మొదటి వారం నోటిదాకా వచ్చేది. ఒకరోజు గిన్నెలు కడుగుతూ “చిట్టీ” అని పిలిచింది కూడా. చిట్టి ఫోన్‌లోంచి తలెత్తి “ఏంటక్కా?” అంది. “ఏం లేదు. ఆ మూత ఇలా ఇయ్యి,” అంది మంచక్క. తర్వాత పేపరును తీసుకుంటున్నామని జవాబొచ్చింది. ఇక చెబితే ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న ముందు వస్తుంది. చెప్పకపోతే ఏ ప్రశ్నా రాదు.

చిట్టి మాత్రం ఆ రోజుల్లో వింతగా ఉండేది. ఊరికే నవ్వేది. అక్కను చూసి కళ్లు మెరిపించేది. “నీకో సంగతి చెప్పాలి. ఇప్పుడు కాదులే,” అనేది. ఆమెకు గ్రూపు హెడ్‌గా ప్రమోషన్ వస్తుందని ల్యాబులో గుసగుసగా ఉంది. అదే అయ్యుంటుందనుకుంది మంచక్క. ‘చెప్పు, చెప్పు. నేనూ నీకో సంగతి చెప్పాలి,’ అనుకుని లోలోపల నవ్వుకుంది. అలా నవ్వుకున్న రోజు ఆమెకు కమ్మగా నిద్రపట్టింది.

పేపరు అచ్చవడానికి వారం ముందు పెద్ద సదస్సు జరిగింది. దేశదేశాల నుంచి మూడువందల మంది వచ్చారు. మెత్తటి కుర్చీల హాలు, వేదిక మీద గోడంత తెర. మొదటి ప్రసంగం చిట్టిది. మంచక్కను ముందు వరసలో కూర్చోమని బతిమాలింది. “నువ్వు నాకు కనబడాలక్కా, లేకపోతే కాళ్లు వణుకుతాయి.”

మంచక్క ముందు వరసలో కూర్చుంది. దీపాలు తగ్గాయి. తెర మీద పేపరు శీర్షిక, దాని కింద పేర్లు వచ్చాయి.

మొదటి పేరు తనది.

ఆమె కళ్లు నులుముకుని చూసింది. తన పేరే. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. దాని తర్వాత చిట్టిది. తర్వాత మిగతావాళ్లు.

“ఈ పని మొదలుపెట్టేముందు ఒక మాట,” అంది చిట్టి మైకులో. “ఈ మంచు రెండువందల పందొమ్మిది సార్లు కట్టింది మా అక్క. ఆమె పేరు వేయడానికి వీల్లేదన్నారు. నాలుగు నెలలు పోట్లాడాను. నా పేరు తీసేయండి, ఆమెది ఉంచండి అన్నాను. మొన్న శుక్రవారం ఒప్పుకున్నారు. ఆమెకు ఇంకా తెలీదు. ఇప్పుడే చూస్తోంది. అక్కా, లేవవే ఒకసారి.”

హాలంతా చప్పట్లు కొట్టింది. మంచక్క లేచింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఎవరో భుజం తట్టారు. కూర్చుంది. తర్వాత నలభై నిమిషాలు చిట్టి ఏం మాట్లాడిందో ఆమెకు తెలియదు. తెర మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి వచ్చి, రెండు గుంటలూ ఒక్కటైనప్పుడు మాత్రం హాలులో ‘ఆహా’ అన్నారు.

ప్రశ్నల సమయంలో వెనక వరసలోంచి తెల్లజుట్టు పెద్దావిడ లేచింది. ఆమె కూడా ఎక్కడో మంచు ల్యాబు నడిపే మనిషి. చాలా మర్యాదగా, కొంచెం బాధగా అడిగింది.

“అమ్మాయ్, చాలా బాగా చెప్పావు. ఒక్క సందేహం. సరిగ్గా ఇదే చోట సిలికాన్ గ్రీజు డిప్ వస్తుంది. ఇరవై ఏళ్ల క్రితం నేను దానితోనే దెబ్బతిన్నాను కాబట్టి అడుగుతున్నాను. మిగతా రెండు డిప్పులు నీ నమూనాలో నీరూ అమ్మోనియా కింద దాక్కుంటాయి. బ్లాంక్ చేశారా?”

చిట్టి నవ్వింది. భయమన్నది లేని నవ్వు. “వారం వారం చేశామండీ. చేసిన మనిషి ఇక్కడే ఉంది. అక్కా, నువ్వే చెప్పు.”

ఎవరో మైకు తెచ్చి మంచక్క చేతిలో పెట్టారు. మూడువందల మంది ఆమె వైపు తిరిగారు. అందరి ముఖాల్లోనూ ఇంకా చప్పట్ల నాటి నవ్వే ఉంది.

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి తన డబ్బాలో చేసి చూస్తుంది. నెలలో తేలిపోతుంది. లాగ్‌బుక్‌లో తేదీ ఉంది. బాబాయి ఉన్నాడు. ఇదంతా మంచక్క రెప్పపాటులో ఆలోచించింది. చెల్లెలి గురించి ఆలోచించలేదు.

“చేశాను,” అంది.

“ఏం కనబడింది?”

“…అదే డిప్ కనబడింది. మిగతా రెండూ కూడా.”

చిట్టి ఇంకా నవ్వు ముఖంతోనే ఉంది. నవ్వు తీసేయడం మరిచిపోయినట్టు.

“ఎప్పుడమ్మా?” అంది పెద్దావిడ మెల్లగా.

“నాలుగు నెలల క్రితం. పేపరు పంపక ముందే.”

“మరి మీ చెల్లెలికి తెలీదా?”

“లాగ్‌బుక్ తన బల్ల పక్కనే ఉంటుందండీ,” అంది మంచక్క. “తను అడగలేదు.”

వెనకెక్కడో ఎవరో అన్నారు, “నక్షత్రానికి గ్రీజు పెట్టి సర్వీసింగ్ చేయించినట్టున్నారు!” ఒకరు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుని వరస వరసా పాకింది. మూడువందల మంది నవ్వులో చిట్టి వేదిక మీద నిలబడింది. చేతిలో ఉన్న చిన్న రిమోట్ నొక్కింది. తర్వాతి స్లైడు వచ్చింది. మళ్లీ నొక్కింది. ఇంకోటి వచ్చింది. నొక్కుతూనే ఉంది. చివరికి పెద్దాయనే వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని దించాడు.

పేపరు ఆగిపోయింది. విచారణకు ముగ్గురిని వేశారు. పొడవాటి గదిలో మంచక్కను ఒంటరిగా కూర్చోబెట్టి, ముందు లాగ్‌బుక్ తెరిచి పెట్టారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు. ఆమె దస్తూరిని మెచ్చుకున్నారు.

“ఇంత స్పష్టంగా రాశారు. మీరు నోటితో కూడా చెప్పారా?”

మంచక్క పుస్తకం మీద వేలు పెట్టింది. “ఈ పుస్తకం చూడకుండా ఏ సైంటిస్టూ పేపరు పంపరు కదండీ,” అంది.

ముగ్గురూ తలలూపారు. ఒకాయన ఏదో రాసుకున్నాడు.

“బ్లాంకుల గురించి పేపరులో వాక్యం ఉంది. అది మిమ్మల్ని అడిగి రాశారా?”

“లేదండీ.”

“మీ పేరు మొదటి రచయితగా వేశారు. మీ అనుమతి తీసుకున్నారా?”

“నాకు తెలీదండీ. హాల్లోనే చూశాను.”

అన్నీ నిజాలే. ఒక్క అబద్ధమూ ఆడలేదు. గ్రీజు రాసిందెవరని ఎవరూ అడగలేదు. బాబాయిని ఎవరూ పిలవలేదు. నివేదికలో మూడు తప్పులు తేల్చారు. చేయని పరీక్షలు చేసినట్టు రాయడం, లాగ్‌బుక్ చూడకపోవడం, కింది ఉద్యోగి పేరును అనుమతి లేకుండా వాడుకోవడం. మూడూ చిట్టివే. పేరు వేయడానికి తనే ఒప్పుకున్న పెద్దాయన ఆ మాట ఎత్తనేలేదు. చిట్టి కూడా ఎత్తలేదు. విచారణలో ఆమెను అడిగినదానికల్లా “అవునండీ” అందట.

ఉద్యోగం వదులుకోమన్నారు. వదులుకుంది.

ఇల్లు ఖాళీ చేసే రోజు పొద్దున చిట్టి పెట్టె సర్దుకుంటోంది. సదస్సు తర్వాత రెండు నెలలుగా ఇద్దరి మధ్యా మాట లేదు. మంచక్క గుమ్మంలో నిలబడింది.

“ఎక్కడికి?”

“నీళ్లు పరీక్ష చేసే కంపెనీ. సీసాల్లో ప్లాస్టిక్ ఉందో లేదో చూడాలట. మిషను మన ల్యాబులో లాంటిదే.” బట్టలు మడత పెడుతూనే అంది. “ఒక్కటడుగుతాను. తేదీ ఎంత?”

“ఏ తేదీ?”

“నువ్వు చూసిన తేదీ. విచారణలో పుస్తకం నాకు చూపించలేదు.”

మంచక్క చెప్పింది. చిట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

“సదస్సు దాకా నూట పదమూడు రోజులు,” అంది. “రోజూ నా ఎదురుగా కూర్చుని తిన్నావ్. నాకు జ్వరమొస్తే తడిగుడ్డ వేశావ్. సదస్సుకి చీర నువ్వే ఇస్త్రీ చేశావ్.”

“నువ్వు అన్న మాట…”

“ఏమన్నాను?”

మంచక్క చెప్పింది. చెయ్యి, బుర్ర. చిట్టి చేతిలోని బట్ట పెట్టెలో పెట్టింది.

“అన్నానా?” అంది. నిజంగానే గుర్తులేదు ఆమెకు. “అని ఉంటాను. అన్న రోజే చెంప పగలగొట్టి ఉంటే సరిపోయేదిగా అక్కా.”

పెట్టె జిప్పు లాగింది. ఒకవైపు పట్టమని అనలేదు. మూడంతస్తులూ ఒక్కతే దింపుకుంది.

నిజాయితీగా లాగ్‌బుక్ రాసినందుకు మంచక్కకు థీసిస్ మళ్లీ నమోదు చేసుకునే అవకాశమిచ్చారు. మూడేళ్లలో పూర్తి చేసింది. పసి నక్షత్రం గీతలో ఆ గుంట నిజంగానే ఉంది, అదేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, ఆమెకూ దొరకలేదు. థీసిస్ వేరే మంచు మీద రాసింది. పెద్దాయన రిటైరయ్యాక ల్యాబు ఆమె చేతికి వచ్చింది. బాబాయి ఉద్యోగం మానే దాకా పని మాటలు తప్ప ఆమెతో మాట్లాడలేదు. చివరిరోజు దండ వేయబోతే మెడ వంచలేదు. దండ చేత్తో తీసుకుని వెళ్లిపోయాడు.

ఏడో ఏడాది ఒక చిన్న అబ్జర్వేటరీ నుంచి ఫారం వచ్చింది. చిట్టి అక్కడ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. పాత ల్యాబు హెడ్ అభిప్రాయం కావాలట. హెడ్ ఎవరో చిట్టికి తెలియదు కాబోలు. మంచక్క తలుపు గడియపెట్టుకుని మధ్యాహ్నమంతా రాసింది. ఇంత చూపున్న మనిషిని నేను చూడలేదని రాసింది. ఆనాటి పొరపాటులో గ్రీజు రాసింది నేను, చూసి చెప్పనిది నేను, అని కూడా రాసింది. చదువుకుంది. ఆ చివరి రెండు వాక్యాలు కొట్టేసి, శుభ్రంగా వేరే కాగితం మీద ఎత్తి రాసి, సంతకం పెట్టి పంపింది.

రెండు వారాలకు అబ్జర్వేటరీ అధికారి ఫోన్ చేశాడు. కలుపుగోలు మనిషి.

“మీరు అంత గొప్పగా రాశారు కదండీ, మేం తీసుకుందామనే అనుకున్నాం. ఇంటర్వ్యూలో మాటల మధ్య మీ పేరు చెప్పాం. ఆవిడ వెంటనే లేచి దరఖాస్తు వెనక్కి తీసుకుంటానన్నారు. ఎంత చెప్పినా వినలేదు. ఏమైనా గొడవా మీ ఇద్దరికీ?”

మంచక్కకు చెప్పడానికి ఉన్నదల్లా రెండు వాక్యాలు. ఒకసారి రాసి కొట్టేసినవే.

“గొడవేం లేదండీ,” అంది. “చిన్నప్పటి నుంచీ అంతే. తెలివైందే గానీ, మనిషి కాస్త నిలకడ తక్కువ.”

“ఓహో! అలాగా,” అన్నాడాయన. నవ్వాడు. “అయితే మేమే బతికిపోయామన్నమాట.”

మంచక్క కూడా ఆ నవ్వుకు తగినంత నవ్వి, ఫోన్ పెట్టేసింది.